వాల్వు మార్చడం వచ్చా మనకు?

ప్రతి ఏడూ మన వార్షికోత్సవ సంచికకు రాయమని అడిగితే క్రమశిక్షణ అనో, సమయపాలన అనో, లక్ష్యసాధన అనో రెండు పేజీలు రాసి పంపేవాడిని. వాటిని ఎవరైనా చదివారో లేదో తెలియదు. నేనైతే అచ్చయ్యాక మళ్ళీ చదువుకోలేదు. ఈసారి మోటారు సైకిలు చక్రానికి గాలి కొట్టే ముక్కు గురించి రాస్తున్నాను. దాన్నే వాల్వు అంటారు, మన వాడుకలో వాలు. ఇది హాస్టలు సంచికలో రాయాల్సిన విషయమా అని ఎడిటర్ తమ్ముడు ఫోన్‌లో అడిగాడు. చదివాక చెప్పమన్నాను.

నిరుడు ఎండాకాలం మా అమ్మాయిని వెనక కూర్చోబెట్టుకుని సూర్యాపేట నుంచి నకిరేకల్ వైపు హైవే మీద వస్తున్నాను. వెనక చక్రం ఉన్నట్టుండి పక్కలకు ఊగడం మొదలైంది. గట్టిగా బ్రేకు వేయకుండా, ఎక్సలేటర్ వదిలేసి, బండిని మెల్లగా అంచుకు తెచ్చాను. వెనకే లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది. దిగి చూస్తే టైరు నేలకు అతుక్కుపోయి ఉంది. కిలోమీటరు దూరం నెట్టుకుంటూ పోతే ఒక పంచర్ షాపు దొరికింది. ఆ అబ్బాయి సబ్బు నీళ్ళు పోసి చక్రమంతా తిప్పి చూశాడు. మేకు లేదు, ముల్లు లేదు. చివరికి వాల్వును బొటనవేలితో పక్కకు వంచాడు. మొదట్లో రబ్బరు చేప నోరు తెరిచినట్టు తెరుచుకుంది. "సార్, టైర్లు మార్చిన్రు గానీ వాలు మార్చలే" అన్నాడు.

నిజమే. బండి 2015లో కొన్నాను. టైర్లు రెండుసార్లు మార్పించాను. వేలకు వేలు పెట్టి టైరు వేయించిన నేను, ప్లేటు ఇడ్లీ ఖరీదు చేసే రబ్బరు ముక్కను తొమ్మిదేళ్ళకు పైగా అలాగే వదిలేశాను. ఆ ముక్క మీదే నా బిడ్డ ప్రాణం ఆధారపడి ఉందని నాకు తెలియదు. నేను చదివింది సైన్సు డిగ్రీ.

ఇక్కడ మన హాస్టలు సంగతి ఒకటి చెప్పాలి. చెప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉంది.

1994లో నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మా గదిలో ఒకడు ఆదివారం పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా బయటికి పోయేవాడు. మూడు గంటలకు వచ్చి, బోరింగు దగ్గర చేతులు ఇసుకతో రుద్దుకునేవాడు. ఎంత రుద్దినా గోళ్ళలో నలుపు పోయేది కాదు. బస్టాండు దగ్గర సైకిలు షాపులో పనిచేస్తున్నాడని కనిపెట్టింది నేను. వాడికి "పంచర్" అని పేరు పెట్టిందీ నేనే. నెల తిరిగేసరికి వాడి అసలు పేరు అటెండెన్సు రిజిస్టరులో తప్ప ఎక్కడా వినబడలేదు. కామాటి దగ్గర నుంచి ట్యూషన్ సారు దాకా అందరూ అదే పిలుపు. మన ఇళ్ళలో అందరి అమ్మానాన్నలూ కూలికి పోయేవాళ్ళే. అయినా, కూలిపని చేసే పిల్లవాడిని చూసి నవ్వడం మనకు ఎవరు నేర్పారో తెలియదు. పదో తరగతిలో లెక్కలు తప్పి వాడు వెళ్ళిపోయాడు. ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని గేటు దాటుతుంటే కూడా ఎవడో "పంచర్, పోతున్నావా?" అన్నాడు. వాడు వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు.

ఇరవై ఏళ్ళుగా వాడికి మన పట్నం బయట రోడ్డు మీద షాపు ఉంది. కంప్రెషరు ఉంది, ఇద్దరు కుర్రాళ్ళు పనిచేస్తారు. ఆ దారిన నేను వందసార్లు పోయి ఉంటాను. ఒక్కసారీ ఆగలేదు. హైవే మీద సంగతి జరిగిన వారానికి ఆగాను. ముందు చక్రం వాల్వు కూడా తొమ్మిదేళ్ళదే కదా, అది మార్పించాలి. వాడు నన్ను గుర్తుపట్టాడు, కుర్రాడితో చాయ్ తెప్పించాడు. వాల్వు చూసి, కొత్తది ఒకటి తీసి నా చేతిలో పెట్టి, "షర్టు విప్పి ఆ మేకుకు తగిలియ్. నువ్వే మార్చు, నేను చెప్త" అన్నాడు.

ఆ పూట వాడు చెప్పిందీ, తర్వాత ఇంటి దగ్గర మా తమ్ముడి బండికి నేను సొంతంగా చేసిందీ కలిపి రాస్తున్నాను. తమ్ముళ్ళు, చెల్లెళ్ళు జాగ్రత్తగా చదవండి.

ముందు మీ బండికి ట్యూబు ఉందో లేదో చూసుకోవాలి. పుల్లల చక్రాలున్న బళ్ళకు సాధారణంగా లోపల ట్యూబు ఉంటుంది. ట్యూబు టైరులో వాల్వు ట్యూబుకే అతికి ఉంటుంది, దాన్ని విడిగా మార్చడం కుదరదు. మొదట్లో చిరిగితే కొత్త ట్యూబు వేయాల్సిందే, అక్కడ అతుకు నిలవదు. కానీ చాలాసార్లు చెడిపోయేది వాల్వు కాదు, దాని లోపలి పిన్ను. వేలికి ఎంగిలి అద్ది వాల్వు నోటికి రాయండి. బుడగ లేస్తే పిన్ను కారుతున్నట్టు. వాల్ కీతో ఎడమకు తిప్పితే పిన్ను వచ్చేస్తుంది. కొత్తది పెట్టి వేళ్ళ బలంతో బిగిస్తే చాలు. చక్రం విప్పనక్కరలేదు. పాత ఇనుప మూతలు కొన్నింటికి కొన చీల్చి ఉండేది గమనించారా? అది వాల్ కీయే, మూత రూపంలో. మనం దాన్ని అలంకారం అనుకున్నాం. ఒక్క జాగ్రత్త: గాలి నిండుగా ఉండగా పిన్ను విప్పితే అది తూటాలా ఎగురుతుంది. ముందు పిన్ను నొక్కి గాలి పోనివ్వాలి, మొహం దూరంగా పెట్టాలి.

ట్యూబు టైరు వాళ్ళకు ఇంకో మాట. బయట వాల్వుకు నట్టు ఉంటుంది కదా, దాన్ని రిమ్ముకు బిగించేయడం మనకు అలవాటు. అలా బిగించకూడదని వాడే చెప్పాడు. గాలి తక్కువగా ఉన్నప్పుడు బ్రేకు వేస్తే టైరు రిమ్ము మీద కొద్దికొద్దిగా జరుగుతుంది, దానితో ట్యూబూ జరుగుతుంది. నట్టు బిగిసి ఉంటే వాల్వు కదలలేక మొదట్లో చిరుగుతుంది. నట్టు వదులుగా, మూత దగ్గరగా ఉంచితే వాల్వు ఒక పక్కకు వాలి కనిపిస్తుంది. వాలిన వాల్వు అంటే బండి మనకు ముందుగా చెప్పడమే. అప్పుడు గాలి తీసి సర్దుకుంటే సరిపోతుంది.

ట్యూబులెస్ అయితే రబ్బరు వాల్వు రిమ్ము రంధ్రంలో బిగుతుగా కూర్చుని ఉంటుంది. రంధ్రాలన్నీ ఒకటి కాదు. ఎక్కువగా 11.3 మిల్లీమీటర్లు, కొన్ని బళ్ళకు 8.3. కాబట్టి కొలత తెలుసుకునో, పాతది చూపించో కొనాలి. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలిపి, కింద దిమ్మ పెట్టి, యాక్సిల్ తీసి చక్రం విప్పాలి. యాక్సిల్ మీద ఏ బుష్షు ఏ పక్క నుంచి వచ్చిందో నేల మీద పాత పేపరు పరిచి అదే వరుసలో పెట్టుకోండి. నేను మొదటిసారి పెట్టుకోలేదు, తర్వాత అరగంట తల గోక్కున్నాను. డిస్కు బ్రేకు బండి అయితే చక్రం బయట ఉన్నంతసేపూ లివరు నొక్కకూడదు, ప్యాడ్లు మూసుకుపోతాయి. వాటి మధ్య అట్ట ముక్క పెట్టండి. 125 సి.సి. దాటిన కొత్త బళ్ళకు 2019 ఏప్రిల్ నుంచి ఏ.బి.ఎస్. తప్పనిసరి చేశారు. వాటికి డిస్కు పక్కన చిల్లుల రింగు ఉంటుంది. అది వంగితే ఏ.బి.ఎస్. పనిచేయదు. అందుకని చక్రాన్ని నేల మీద కాకుండా పాత టైరు మీద, డిస్కు పైకి ఉండేలా పడుకోబెట్టాలి.

పిన్ను తీసి గాలి పూర్తిగా పోయాక టైరు అంచును రిమ్ము నుంచి విడదీయాలి. ఇంట్లో చేసేటప్పుడు కష్టమైన పని ఇదొక్కటే. కాలితో తొక్కితే ఊడదు. పెద్ద సి-క్లాంపు ఉంటే దానితో, లేదంటే పొడుగాటి చెక్కను మీట చేసి, టైరు అంచు మీద నొక్కి విడదీయాలి. టైరు మొత్తం ఊడదీయనక్కరలేదు. ఒక పక్క అంచు విడిపోతే చాలు. వాల్వు ఉన్న చోట టైరును కిందికి నొక్కి, సందులో రెండు చెక్క ముక్కలు పెడితే వేళ్ళు దూరేంత చోటు దొరుకుతుంది. లోపలి నుంచి పాత వాల్వు తలను బ్లేడుతో కోసేస్తే మిగతాది బయటికి లాగొచ్చు. రిమ్ముకు గాటు పడకుండా చూడాలి. అక్కడ గాటు పడితే జీవితాంతం గాలి కారుతుంది. రంధ్రం చుట్టూ మట్టి, తుప్పు సన్న గరుకు కాగితంతో తీసి, సబ్బు నీళ్ళు రాసి, కొత్త వాల్వును లోపలి నుంచి దూర్చి, బయటి నుంచి నిటారుగా లాగాలి. గాడి రిమ్ములో కూర్చున్నప్పుడు ఒక చిన్న శబ్దం వస్తుంది. చేతికి కూడా తెలుస్తుంది. నాకది తెలిసినప్పుడు, పక్కన మా వాడు చాయ్ గ్లాసు కింద పెట్టి, "ఆఁ, కూసుంది" అన్నాడు. పబ్లిక్ పరీక్ష ఫలితాలు చూసినప్పుడు కూడా నాకు అంత సంతోషం కలగలేదంటే నమ్మండి.

తర్వాత టైరు అంచుకు సబ్బు నీళ్ళు రాసి గాలి కొట్టాలి. కాలి పంపుతో చాలా టైర్లు కూర్చోవు, గాలి ఒక్కసారిగా వెళ్ళాలి. అందుకని ఇంట్లో వాల్వు మార్చుకుని, చక్రాన్ని పట్టుకుని కంప్రెషరు ఉన్న షాపుకు వెళ్ళడమే నయం. అంచు "టప్" మని రెండుసార్లు కూర్చుంటుంది. కూర్చోలేదని టైరు పక్కన రాసి ఉన్న గరిష్ఠ గాలికి మించి ఎక్కించకూడదు, వేళ్ళు అంచు దగ్గర పెట్టకూడదు. కూర్చున్నాక పిన్ను బిగించి, బండి మీద స్టిక్కరులో ఉన్న లెక్కకు గాలి సరిచేసి, వాల్వు మొదట్లోనూ నోట్లోనూ సబ్బు నీళ్ళతో పరీక్షించాలి. వెనక చక్రానికి డ్రమ్ము బ్రేకు ఉంటే బ్రేకు ప్లేటును బండికి పట్టి ఉంచే ఆర్మ్ నట్టు బిగించామా లేదా అని రెండుసార్లు చూసుకోవాలి. అది మరిచిపోతే బ్రేకు వేసినప్పుడు ప్లేటు తిరిగి చక్రం పట్టేస్తుంది. బండి ఎక్కేముందు బ్రేకు లివరు నాలుగుసార్లు నొక్కి చూడండి.

వాల్వు ఎందుకు చెడుతుందన్నది కూడా చెప్పాలి, ఎందుకంటే అందులో సగం మన చేతులారా చేసుకునేదే. ఎండ, వేడి, గాలిలోని ఓజోను రబ్బరును పగలగొడతాయి. 2008లో అమెరికాలో కార్ల రబ్బరు వాల్వులు లక్షల సంఖ్యలో ఈ పగుళ్ళ వల్లే వెనక్కి తీసుకున్నారు. మన దగ్గర దీనికి తోడు పెట్రోలు బంకులో గాలి కొట్టే తొందర. గొట్టం చక్రం పుల్లల మధ్య పట్టదు, కుర్రాడు వాల్వును పక్కకు వంచి కొడతాడు, మనం ఫోను చూసుకుంటూ ఉంటాం. తర్వాత మన ఇంటర్ తమ్ముళ్ళు పెట్టించే పుర్రె బొమ్మల మూతలు, రాత్రి వెలిగే లైటు మూతలు. చక్రం వేగంగా తిరిగేటప్పుడు ఆ బరువు వాల్వును బయటికి లాగుతూ ఉంటుంది, రబ్బరు మొదట్లో నలుగుతుంది. అల్యూమినియం మూత ఇత్తడి మరకు తుప్పుతో అతుక్కుపోతే విప్పబోయి వాల్వునే చింపుకుంటాం. నల్ల ప్లాస్టిక్ మూతను మించింది లేదు. అసలు మూతే లేకుండా తిరిగేవాళ్ళ గురించి ఏం చెప్పను? దుమ్ము పిన్నులోకి పోయి గాలి కారుతుంది. పంచర్ కాకుండా టైరులో పోయించే జిగురు ద్రవం పిన్నుకు పట్టేయడం ఇంకో గొడవ.

ఇదంతా అరపూటలో నేర్చుకోగలిగిన పని. మరి మనలో ఎంతమందికి వచ్చు? హాస్టలు నుంచి ఇంజనీర్లయిన వాళ్ళను అడిగాను. రాదన్నారు. ఒకాయన "దానికి మనుషులున్నారుగా" అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చడం లేదు. పనిని పంచుకోవడం వేరు, పనిచేసే మనుషులను మెట్ల మీద నిలబెట్టడం వేరు అని అంబేడ్కర్ 1936లోనే "కులనిర్మూలన"లో వివరంగా చర్చించారు. ఆయన ఫోటోకు ప్రతి ఏప్రిల్ 14న దండ వేసే మన హాస్టల్లోనే ఒక పిల్లవాడిని చేతిపని చేశాడని పేరు పెట్టి ఏడిపించాం. మన మెట్లు మనమే కట్టుకున్నాం.

నా మాటకు ఎదురుమాట ఉందని నాకు తెలుసు. మా నాన్నే అన్నాడు. వాల్వు మార్చుకుని నల్లటి చేతులతో ఇంటికి పోతే చూసి, "ఇందుకేనా నిన్ను చదివించింది?" అన్నాడు. ఆయన కోపం నాకు అర్థమైంది. మన పెద్దవాళ్ళు చేతిపనిని ఇష్టపడి చేయలేదు. వేరే దారి లేక చేశారు, చేస్తూ మాటలు పడ్డారు. బిడ్డ చేతికి మట్టి అంటకూడదని హాస్టల్లో వేశారు. కాబట్టి పిల్లలను చదువు మాన్పించి షాపులో పెట్టమని నేను అనడం లేదు. ఎనిమిదో తరగతి పిల్లవాడు ఆదివారం పనికి పోవాల్సి రావడం తప్పే, సబ్బుకు, నోటుపుస్తకానికి డబ్బుల్లేకనే వాడు పోయాడు. నేనంటున్నది, చదువుకున్నవాడికి కూడా పని తెలియాలని. బతుకు తప్పక చేసే పనికీ, తెలిసి చేసే పనికీ తేడా ఉంది. ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్ చేరిన తమ్ముడిని చూసి "ఏం, టెన్త్‌లో మార్కులు రాలేదా?" అని అడగడం మానాలని.

అందరూ ఇంట్లోనే చేసుకుంటే పంచర్ షాపు వాళ్ళ బతుకేమిటని ఒక మిత్రుడు అన్నాడు. వాళ్ళ బతుకు మీద మనకు ఇంత దయ ఉన్నట్టు నాకు ఇదివరకు తెలియదు. పది రూపాయల దగ్గర బేరమాడేది మనమే. ఆ పని ఎంతో తెలిసినవాడు బేరమాడడు. ఇప్పుడు నేను ఆడడం లేదు. ఎలాగూ టైరు కూర్చోబెట్టడానికి కంప్రెషరు దగ్గరికి పోవాల్సిందే.

ఇక అసలు సంగతి. మన వార్షికోత్సవ వేదిక మీద ఏటా డాక్టర్లను, ఇంజనీర్లను, ఆఫీసర్లను కూర్చోబెట్టి శాలువాలు కప్పుతాం. బాగుంది. పదో తరగతి తప్పి వెళ్ళిన ఒక్కరినైనా పిలిచామా? వాళ్ళూ ఈ హాస్టలు అన్నం తిన్నవాళ్ళే. మన పూర్వ విద్యార్థుల జాబితాలో మా వాడి పేరే లేదు, నేను చూశాను. ఈసారి రమ్మని వాడిని అడిగాను. "నేనొచ్చి ఏం చెప్పాల్రా? పోరగాళ్ళు నవ్వుతరు" అన్నాడు. చాలాసేపు అడిగాను. శాలువా వద్దట, వేదిక వద్దట. "చక్రం విప్పి చూపియ్యమంటే చూపిస్త" అన్నాడు.

కమిటీ వారికి నా మనవి ఇది. రెండో రోజు ఆటల పోటీలు అయ్యాక వంటగది వెనక చెట్టు కింద ఒక పూట ఇవ్వండి. అమ్మాయిల హాస్టలు వాళ్ళను కూడా పిలవండి, స్కూటీలు నడిపేది వాళ్ళే కదా. పాత అల్లాయ్ చక్రాలు రెండు, టైరు లివర్లు, వాల్ కీలు, ఒక యాభై కొత్త వాల్వులు నేను కొంటాను. ప్రతి ఒక్కరూ ఒకటి కోసి తీసి, ఒకటి లాగి కూర్చోబెట్టాలి. కంప్రెషరు వాడే ఆటోలో వేసుకొస్తానన్నాడు. ఆటో కిరాయి నాది. పిలుపు పత్రికలో మాత్రం వాడి అసలు పేరు అచ్చు వేయండి. పాత అటెండెన్సు రిజిస్టరులో ఉంటుంది.